నాలుగడుగుల కంచె ఉన్నా మేకలు రోజూ బయటే – ఇంకా ఎత్తు పెంచాలా?

విసిగిన_కాపరి
ఐదు మేకలు, రెండు పిల్లలు. చుట్టూ నాలుగడుగుల చైన్‌లింక్ కంచె, ఇనప స్తంభాలు, గేటుకి గొళ్ళెం. వేసినవాళ్ళు "ఏనుగొచ్చినా ఆగుతుంది" అన్నారు. ఏనుగు సంగతేమో గానీ ఎర్రమేక మాత్రం ఆగట్లేదు. పొద్దున లేచేసరికి పక్కవాళ్ళ కూరమళ్ళలో ఉంటోంది. నన్ను చూసి పారిపోదు కూడా, నములుతూనే తలెత్తి చూస్తుంది. అప్పుడప్పుడు తెల్లమేకా తోడు వెళ్తోంది. కంచె చుట్టూ తిరిగి చూశాను, ఎక్కడా చిరుగు లేదు, కన్నం లేదు. పక్కవాళ్ళు మంచివాళ్ళు కాబట్టి ఇన్నాళ్ళూ ఊరుకున్నారు. ఆ మంచితనం ఆకుకూరలతో పాటే అయిపోవస్తోంది. ఆరడుగులకి పెంచమని ఒకరు, కరెంటు తీగ లాగమని ఇంకొకరు, అమ్మేయమని ఇంట్లోవాళ్ళు. ఏది ముందు చెయ్యాలి?

పచ్చగడ్డి
అమ్మేయడం. ఆ తర్వాత కంచె గురించి ప్రశాంతంగా ఆలోచించుకోవచ్చు.

రాతిగోడ
ఎత్తు పెంచే ముందు అది అసలు పైనుంచే పోతోందా అన్నది తేల్చుకోండి. పైకెక్కి దూకుతుంది, కిందనుంచి దూరుతుంది, వలని తోసి సందు చేసుకుంటుంది, లేదా గేటు తీసుకుని దర్జాగా నడిచిపోతుంది. ఒక్కోదానికి మందు వేరు. కిందనుంచి దూరే మేకకి ఆరడుగుల కంచె కట్టి ఏం లాభం?

చిరుగు లేదన్నారు, సరే. ఇవి చూడండి. తీగకి వెంట్రుకలు ఏ ఎత్తులో చిక్కుకున్నాయి? వల ఎక్కడ కిందికి జారి వదులైంది? మేకలు ముందుకాళ్ళు వలమీద పెట్టి నిలబడతాయి, ఒళ్ళు రాసుకుంటాయి. చైన్‌లింక్ అలా తొక్కగా తొక్కగా సాగిపోతుంది. వెల్డ్‌మెష్ అయితే అతుకులు ఊడతాయి. బయటివైపు నేలమీద గిట్టలు లోతుగా దిగిన చోటుంటే అక్కడ దూకినట్టే. గేటు కింద నేల నున్నగా అరిగి ఉంటే పిల్లలు అక్కణ్ణుంచే. ఏదీ తేలకపోతే పాత ఫోను ఒకటి చెట్టుకి కట్టి రాత్రంతా వీడియో పెట్టండి.

ఇంకోటి, కంచెకి దగ్గర్లో తొట్టి, బండరాయి, పడుకునే షెడ్డు ఏమన్నా ఉన్నాయా? వాటిమీదికి ఎక్కి చూస్తే నాలుగడుగుల కంచె దానికి రెండడుగులే.

కరెంటు_తీగ
రాతిగోడ గారి దర్యాప్తు పూర్తయ్యేలోపు పక్కవాళ్ళ తోట ఖాళీ. ఉన్న కంచెకే లోపలివైపు, మేక ముక్కు ఎత్తులో ఒక తీగ లాగండి. కంచెకి అరడుగు ఎడంగా ఉండాలి. వాసన చూడ్డానికి ముక్కు పెడుతుంది, చురుక్కుమంటుంది, మళ్ళీ ఆ దరికి రాదు. వలమీద కాళ్ళు పెట్టడం, ఒళ్ళు రాసుకోవడం కూడా పోతాయి. కంచె పదికాలాలు ఉంటుంది. ఎలా పోతోందో తెలుసుకోవాల్సిన పనే లేదు.

తడిక
మా మేకలకి ఎవరూ ఆ మాట చెప్పలేదనుకుంటా. ఎండాకాలం రాగానే తీగ పక్కనే పడుకుని నెమరేస్తాయి.

మల్టీమీటర్
తడిక, మీ దగ్గర లోపం ఎర్తింగ్‌ది. తీగని తాకినప్పుడు కరెంటు మేక ఒంట్లోంచి, గిట్టల్లోంచి నేలలోకి దిగి, ఎర్త్ రాడ్డు (నేలలో పాతే ఇనప కడ్డీ) ద్వారా, తీగకి కరెంటు పంపే మిషన్‌కి తిరిగి రావాలి. నేల ఎండిపోతే ఆ దారి తెగిపోతుంది. గిట్ట మామూలుగానే పొడిగా, గట్టిగా ఉంటుంది, ఒంటిమీద వెంట్రుకలు సరేసరి. ఒక్క రాడ్డు పాతి వదిలేసేవాళ్ళే ఎక్కువ. మూడు కావాలి, ఆరేసి అడుగుల లోతు, ఒకదానికొకటి పదడుగుల దూరం. నేల మరీ పొడిగా ఉండే చోట ఒక తీగకి కరెంటు, దాని పక్క తీగకి ఎర్తు, ఇలా మార్చి మార్చి లాగాలి. రెండూ కలిపి తాకితే ఎండాకాలమైనా కొడుతుంది. గడ్డి, తీగపాదులు తాకుతున్నా కరెంటు కారిపోతుంది కాబట్టి తీగకింద ఎప్పుడూ శుభ్రంగా ఉండాలి. మేకలకి తీగమీద కనీసం 4000 వోల్టులు ఉండాలి. మిషన్‌మీద లైటు వెలుగుతోందని నమ్మొద్దు, కంచె చివరికి వెళ్ళి టెస్టర్ పెట్టి చూడాలి.

"కరెంటు" అన్నాం కదా అని ఎవరైనా ఇంట్లో ప్లగ్గునుంచి వైరు లాగుతారేమో, అందుకే ఇది కూడా రాస్తున్నా. అలా చేస్తే మేక చస్తుంది, మనిషీ చస్తాడు, కట్టినవాడు జైలుకి పోతాడు. కంచె మిషన్ పనే వేరు. సుమారు సెకనుకోసారి, సెకనులో వెయ్యో వంతు కూడా ఉండని దెబ్బ ఇస్తుంది. మధ్యలో తీగలో ఏమీ ఉండదు కాబట్టి పట్టుకున్న చెయ్యి వదిలించుకోవచ్చు. ఇంటి కరెంటు ఆ అవకాశం ఇవ్వదు. దొంగ మేకకి మరణశిక్ష వెయ్యకండి.

కరెంటు_తీగ
అవును, ఆ ముక్క నేనే ముందు రాయాల్సింది. కంచె కోసం తయారైన మిషన్ మాత్రమే. చిన్నపిల్లలు తిరిగే చోటైతే బోర్డు కూడా తగిలించండి.

పశువుల_డాక్టరమ్మ
అందరూ ఎలా పోతోందనే అడుగుతున్నారు. ఎందుకు పోతోందో ఎవరూ అడగలేదు. కడుపునిండి, తోడుండి, ఎదలో లేని మేక కంచెని అంత పట్టించుకోదు. విసిగిన_కాపరి గారూ, ఇవి చెప్పండి:

ఎర్రమేక మొదటినుంచీ ఈ మందలోదేనా, కొత్తగా వచ్చిందా? అందరికీ ఒకే తొట్టా? రోజూ పోతోందా, మూడేసి వారాలకోసారి ఎక్కువవుతోందా? మేక ఎదకి వచ్చేది దాదాపు 21 రోజులకోసారి, ఒకటి రెండు రోజులుంటుంది. దగ్గర్లో పోతు ఉంటే ఆ వాసనకి ఏ కంచె అయినా దాటుతుంది. ఈమధ్య దాని పిల్లని వేరుచేసి పాలు మాన్పించారా?

పచ్చగడ్డి
డాక్టరమ్మ గారు మేకని కౌన్సెలింగ్‌కి పంపించేలా ఉన్నారు.

పశువుల_డాక్టరమ్మ
పంపితే యజమానిని పంపిస్తాను.

విసిగిన_కాపరి
కొత్తదే. మిగతా నాలుగూ కలిసి పెరిగాయి, దీన్ని ఈమధ్యే తెచ్చాను. తొట్టి ఒకటే, పొడవాటిది. నల్లమేక దీన్ని కొమ్ములతో కుమ్మి తోసేస్తుంది, అది నిజం. పాలు మాన్పించడం లాంటివేమీ లేవు. పోవడం రోజూ ఉంది, ఎద లెక్క కుదరదు.

పశువుల_డాక్టరమ్మ
అయితే సగం జవాబు మీరే ఇచ్చారు. మేకల్లో పెద్ద చిన్న వరస గట్టిగా ఉంటుంది. కొత్తగా వచ్చినది అట్టడుగున ఉంటుంది, మేత మిగిలితేనే దానికి. ఒక పొడవు తొట్టిని ఒక్క నల్లమేక కాపలా కాయగలదు. అదే మేతని రెండు మూడు తొట్లలో, దూరదూరంగా, ఒకదాన్నుంచి ఇంకోటి కనపడని చోట పెట్టండి. నల్లమేక అన్నిచోట్లా ఉండలేదు కదా. ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉంచండి, ఉప్పు, ఖనిజాల మిశ్రమం మరిచిపోవద్దు.

ఈ పని ఎందుకు తొందరో చెప్తా. తోట పోతే మళ్ళీ మొలుస్తుంది. బయటపడిన మేక ధాన్యం గదిలో దూరిందనుకోండి, కడుపునిండా గింజలు తింటే పొట్టలో ఆమ్లం పెరిగి ఒకట్రెండు రోజుల్లో ప్రాణంమీదికి వస్తుంది. చిటుకు రోగం (పేగుల్లో సూక్ష్మజీవులు విషం వదిలి ఉన్నట్టుండి చంపే జబ్బు) కూడా అలాంటప్పుడే విరుచుకుపడుతుంది. గన్నేరు కొమ్మలు కొద్దిగా నమిలినా గుండె ఆగుతుంది. లేత జొన్న పిలకల్లో సైనైడ్ విషం ఉంటుంది. గింజలు తిన్నదని తెలిస్తే పొట్ట ఉబ్బేదాకా ఆగకండి, వెంటనే డాక్టర్‌ని పిలవండి.

కొమ్ముల_గోల
మా సమస్య తిరగేసి ఉంది. మా మేక బయటికి పోదు, తల మాత్రం పోతుంది. వలలో తలపెట్టి, కొమ్ములు అడ్డంపడి, ఇవతలికి తీసుకోలేక అరుస్తుంది. విడిపిస్తాను. వెనక్కి తిరిగేలోపు అదే కన్నంలో మళ్ళీ పెడుతుంది. బయట గడ్డి రుచో, నాతో ఆటో తెలియదు.

రాతిగోడ
మీ వల కన్నం ఆరంగుళాల చదరమై ఉండాలి. కొమ్ములున్న మేకకి అదే ఉరి. తల పడుతుంది, కొమ్ములు వెనక్కి రానివ్వవు. నాలుగంగుళాల చదరమైతే తలే పట్టదు. కాదంటే నిలువు తీగల మధ్య పన్నెండంగుళాలు ఉండే వల వెయ్యండి, తల పోయినా అదే తీసుకుంటుంది. మధ్యరకం మాత్రం వద్దు. ఎండలోనో కుక్కల మధ్యనో అలా ఇరుక్కుంటే పాపం చచ్చేపోతుంది.

తడిక
కొమ్ముల_గోల, వల మార్చేదాకా ఒక చిట్కా. రెండు కొమ్ములకీ అడ్డంగా తేలికపాటి ప్లాస్టిక్ పైపు ముక్క పెట్టి గట్టిగా టేపు చుట్టండి. తల కన్నంలో పట్టదు. చూడ్డానికి టీవీ యాంటెన్నా మోస్తున్నట్టుంటుంది, అంతే.

కొమ్ముల_గోల
టేపు చుట్టాను. పైపుతో సహా తొట్టిలో తల పెట్టడానికి తంటాలు పడి, చివరికి పక్కకి తిప్పి పెట్టడం నేర్చుకుంది. వలలోకి మాత్రం ఇంకా పోలేదు. టచ్ వుడ్.

పాత_పద్ధతి
ఇన్ని తీగలు, మిషన్లు ఎందుకండీ. మెడలో గుదిబండ వేలాడదీస్తే చాలు. పరిగెత్తినా, ఎగిరినా మోకాళ్ళకి కొట్టుకుంటుంది. లేదా మేకు పాతి పలుపుతో కట్టేయండి.

పశువుల_డాక్టరమ్మ
ఈ రెండూ వద్దు. గుదిబండ తీగల్లోనో పొదలోనో చిక్కుకుంటే చూసేవాళ్ళు లేనప్పుడు మెడ బిగుసుకుంటుంది. ఎప్పుడూ కొట్టుకోవడంవల్ల మోకాళ్ళు పుండ్లు పడతాయి. పలుపుతో కట్టిన మేక చుట్టూ తిరిగి తిరిగి తాడుని పొట్టి చేసుకుంటుంది, నీడా నీళ్ళూ అందవు, కుక్కలొస్తే పారిపోలేదు. మనం పక్కనే కూర్చుని కాసేపు మేపుకోవడానికైతే సరే, రాత్రంతా కాదు.

పాత_పద్ధతి
మా ఇంట్లో ఎప్పుడూ ఏమీ కాలేదు.

పశువుల_డాక్టరమ్మ
నేను చూసేవన్నీ ఏమన్నా అయ్యాక వచ్చినవే. అందుకే మన లెక్కలు కలవవు.

రాతిగోడ
పాత_పద్ధతి గారి పక్షాన ఒక మాట. మెడకి మూడు కర్రల ముక్కోణం కట్టడం కూడా పాత పద్ధతే. కిందనుంచీ, వలలోంచీ దూరే మేకకి అది పనిచేస్తుంది, మోకాళ్ళకి తగలదు. అయినా మనుషులు కనిపెట్టి ఉన్నప్పుడే వాడాలి.

నిద్రలేని_రాత్రి
ముళ్ళతీగ గురించి ఎవరూ రాయలేదు?

రాతిగోడ
రాయకపోవడమే మంచిది. మేక సందులోంచి తోసుకుపోయే రకం. ముళ్ళు దాన్ని ఆపవు, పొదుగుని చీరుస్తాయి. ఆవులకి వేరే సంగతి.

పుస్తకాల_పురుగు
దీనికి సంబంధించిన సంగతి ఒకటి. 2014లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం వాళ్ళు మేకల తెలివిమీద చేసిన పరిశోధన వచ్చింది. ఒక పెట్టెలో తిండి పెట్టారు. అది దొరకాలంటే ముందు తాడుని పళ్ళతో లాగాలి, ఆ తర్వాత మీటని మూతితో పైకెత్తాలి. 12 మేకల్లో 9 నేర్చుకున్నాయి. పది నెలల తర్వాత మళ్ళీ అదే పెట్టె పెడితే దాదాపు మరిచిపోలేదు. నేర్చుకోనివాటిలో రెండింటిని పరీక్షనుంచే తప్పించారు, కొమ్ములతో పెట్టె బద్దలుకొట్టబోయాయట.

కొమ్ముల_గోల
ఆ రెండూ మా ఇంటివే అయ్యుంటాయి.

పచ్చగడ్డి
పది నెలలా! నేను గేటు తాళంచెవి పెట్టిన చోటు పొద్దున్నే మరిచిపోతాను. అంటే ఒకసారి గొళ్ళెం తీయడం నేర్చిన మేక ముందు ఇక ఆ గొళ్ళెం ఉన్నా లేనట్టే అన్నమాట.

తడిక
పైగా ఒకటి మిగతావాటికి నేర్పుతుంది. అందుకే పచ్చగడ్డి అన్నదే కరెక్టు. గురువుని అమ్మేస్తే శిష్యులు దారిలో పడతారు.

పుస్తకాల_పురుగు
అదే తమాషా. ఇంకో మేక చేస్తుంటే చూసినవి అందువల్ల తొందరగా నేర్చుకున్నాయా అని కూడా అక్కడే పరీక్షించారు. అలాంటి తేడా ఏమీ కనపడలేదు, దేనికది సొంతంగానే నేర్చుకుంది.

తడిక
పుస్తకంలో ఏముందో గానీ మా ఇంట్లో ఒకటి దూకిన చోటే అన్నీ దూకుతాయి.

పుస్తకాల_పురుగు
వెనకాల వెళ్ళడం వేరు కదా. దారి ఒకటి చూపించింది, మందంతా నడిచింది. గొళ్ళెం తీయడం లాంటి పనికి ప్రతిదీ మళ్ళీ మొదటినుంచి తంటాలు పడాల్సిందే. కాబట్టి ఒకదాన్ని అమ్మితే అది చూపించిన దారి మూసుకుపోదు. మిగతావాటికి ఆ దారి ఇప్పటికే తెలుసు.

డాక్టరమ్మ గారు తోడు మాట ఎత్తారు కదా, మేకలు ఒంటరిగా ఉండలేవన్నదానికి ఒక ఉదాహరణ, కాస్త బాధాకరమైనది. గలాపగోస్ దీవుల్లో అడవిమేకలు అక్కడి తాబేళ్ళ మేతంతా తినేస్తుంటే, 1997 నుంచి 2006 దాకా నడిచిన ఒక ప్రాజెక్టులో వాటిని ఏరేశారు. చివర్లో దాక్కున్నవి దొరక్కపోతే, కొన్నిటికి రేడియో కాలర్ కట్టి వదిలారు. అవి తోడు వెతుక్కుంటూ నేరుగా మిగతావాటి దగ్గరికే వెళ్ళేవి. ఒంటరి మేకకి కంచె ఎంత ఎత్తున్నా సరిపోదని చెప్పడానికి ఇది చాలు.

విసిగిన_కాపరి
వీడియో దొరికింది! రాతిగోడ గారి మాట విని పాత ఫోను కట్టాను. అసలు దూకడమే లేదు. మూల స్తంభానికి ఏటవాలుగా ఇనప పైపు ఊతం ఇచ్చారు, అది లోపలివైపు ఉంది. ఎర్రమేక ఆ పైపుమీద నిదానంగా, ఒక్కో గిట్ట వేసుకుంటూ పైదాకా నడిచి, అవతలికి దిగిపోతోంది. నేను కంచె అంతా చూశాను గానీ ఆ పైపుని మెట్లుగా చూడాలని ఎలా తడుతుంది?

నిద్రలేని_రాత్రి
వీడియో పెట్టండి, చూడాలి!

రాతిగోడ
మూల ఊతం ఎప్పుడూ కంచెకి బయటివైపే ఉండాలి, మేకల కంచెకి అది మొదటి లెక్క. ఆవుల కంచెలు వేసే అలవాటున్నవాళ్ళు లోపల పెట్టేస్తుంటారు. మేక గిట్ట రెండు వేళ్ళుగా విడిపోతుంది, అంచు గట్టిగా, మధ్యభాగం మెత్తగా ఉండి పట్టు దొరుకుతుంది. ఇటలీలో చింజినో ఆనకట్ట ఉంది, దాని నిలువు రాతిగోడమీద కొండమేకలు ఉప్పు నాకడానికి ఎక్కుతాయి. మొరాకోలో మేకలు ఆర్గాన్ చెట్ల చిటారుకొమ్మలమీద నిలబడతాయి. వాటి చుట్టానికి మీ పైపు రాజమార్గం.

ఊతాన్ని విప్పి బయటికి మార్చడం కుదరకపోతే దానికీ స్తంభానికీ మధ్య రేకు బిగించండి, కాలుపెట్టే చోటుండదు. లేదా కరెంటు_తీగ గారు చెప్పిన తీగ ఆ మూలలో మాత్రం.

కరెంటు_తీగ
తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చారు.

మల్టీమీటర్
మూలలో మాత్రం వేసినా ముందు అలవాటు చెయ్యాలి. వలకి ముందు తీగ ఉన్న చిన్న దొడ్లో వదిలి మొదటి దెబ్బ అక్కడ తిననివ్వాలి. వెనక వల ఉంటే దెబ్బకి వెనక్కి దూకుతుంది. ఒట్టి తీగే ఉంటే కొన్ని ముందుకు దూకి బయటపడతాయి. ఆ తర్వాత వాటికి అర్థమైపోతుంది, క్షణం నొప్పి ఓర్చుకుంటే బయట స్వేచ్ఛ అని.

పచ్చగడ్డి
మేకలో తత్వవేత్త కూడా ఉందన్నమాట.

నిద్రలేని_రాత్రి
అసలు కంచే లేకుండా జీపీఎస్ కాలర్లు వచ్చాయట కదా? ఫోన్లో గీత గీస్తే మేక అక్కడే ఆగుతుందట.

పుస్తకాల_పురుగు
నార్వేలో నోఫెన్స్ అనే కంపెనీ మొదట మేకలకే తయారుచేసింది. గీత దగ్గరికి రాగానే కాలర్ మోగుతుంది, ముందుకెళ్ళేకొద్దీ శబ్దం పెరుగుతుంది, అయినా ఆగకపోతే చిన్న షాక్ ఇస్తుంది. చాలావరకు శబ్దానికే వెనక్కి తిరుగుతాయి. కొండల్లో, విశాలమైన బీళ్ళలో బాగుంటుంది. ఇంటి పెరడుకి మాత్రం కాదు, ఉపగ్రహం చూపే చోటుకీ అసలు చోటుకీ కొన్ని మీటర్ల తేడా ఉంటుంది. ఆ తేడాలోనే పక్కవాళ్ళ తోటకూర ఉంది.

పచ్చగడ్డి
మూర్ఛపోయే మేకలని ఒక జాతి ఉందటగా. ఉలిక్కిపడితే కాళ్ళు బిర్రబిగిసి పడిపోతాయట. అవి దూకలేవు. దాన్నే తెచ్చుకోండి.

పశువుల_డాక్టరమ్మ
అమెరికాలోని టెనెసీ జాతి. మూర్ఛ కాదు, కండరాలు కొద్ది క్షణాలు బిగుసుకుపోతాయి, స్పృహ ఉంటుంది. మిగతావాటంతగా ఎక్కి దూకవు, నిజమే. అలాగని కుక్కలు వచ్చినప్పుడు పరిగెత్తలేవు కూడా. కంచె పని ఇంకా పెరుగుతుంది.

విసిగిన_కాపరి
ఊతం బయటికి మార్పించాను. తొట్లు మూడు చేశాను, ఒకటి షెడ్డు వెనక. ఎర్రమేక ఇప్పుడు ఆ వెనక తొట్టి దగ్గరే కాపురం పెట్టింది. మూలకి వెళ్ళి ఓసారి చూసొచ్చింది గానీ ఎక్కలేదు. అది కుదిరిందనుకునేలోపు తెల్లమేక బయట కనపడింది. వీడియో చూస్తే గేటు. గొళ్ళేనికి ఈమధ్యే గొలుసు చుట్టి స్ప్రింగు కొక్కెం కూడా పెట్టాను, దాని జోలికే పోలేదు. గేటు కిందికి తల పెట్టి పైకెత్తుతోంది. కీళ్ళ కడ్డీలమీంచి గేటు లేచి ఆ వైపు సందు పడుతోంది. పిల్లలు కూడా అక్కణ్ణుంచే దూరుతున్నాయి.

తడిక
చూశారా, గురువు మారింది.

పుస్తకాల_పురుగు
సొంతంగా కనిపెట్టింది. ఎర్రమేక ఎప్పుడూ గేటు ముట్టుకోలేదు.

రాతిగోడ
మీ గేటు రెండు కీళ్ళ కడ్డీలూ పైకి చూస్తూ ఉంటాయి, గేటు వాటిమీద కూర్చుని ఉంటుంది. పై కడ్డీని తిరగేసి కిందికి చూసేలా బిగించండి. అప్పుడు గేటుని ఎవరు ఎత్తినా లేవదు, మీరు ఎత్తినా సరే. పిల్లలకోసం గేటు అడుగున కర్ర దూలం ఒకటి నేలలోకి దించి పాతండి, సందు మూడంగుళాలు మించకూడదు. మట్టి పోసి వదిలేస్తే తవ్వుకుపోతాయి.

విసిగిన_కాపరి
కడ్డీ తిరగేసే పని రేపు పొద్దున పెట్టుకుంటాను. ఈ రాత్రికి గేటుకి అడ్డంగా స్కూటర్ పెట్టాను.

కొమ్ముల_గోల
సీటుమీద కవర్ వేశారా? మా దాని మొదటి టిఫిన్ అదే.

విసిగిన_కాపరి
వెళ్ళి తీసేస్తున్నా.